విషాదమునకు ఉన్మాదౌషధము

బళ్ళారి నగరమునకు ఈశాన్యమున, హగరి నదీ ప్రాంతమునందు, ఆంధ్రదేశపు సరిహద్దునకు అనతిదూరమున మోక గ్రామము కలదు. నల్లరేగడి నేల, ప్రత్తి పంట, జొన్నచేలు, వానకొరకు ఎదురుచూపు: ఈ సీమ జీవితమును నాలుగు మాటలలో చెప్పవలెనన్న ఇంతియే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు దక్కెను. బళ్ళారి తాలూకా మైసూరు రాష్ట్రమున చేరెను. నాటినుండి ఇచటి తెలుగువారు ఇంట తెలుగును, కచేరిలో కన్నడమును, మందుల చీటీపై ఆంగ్లమును చూచుచు కాలము గడుపుచున్నారు.

ఈ సీమలో మనస్సు క్రుంగినవాడు తన స్థితిని చెప్పుటకు "బేజారు" అనును. ఈ మాట ఉర్దూనుండి వచ్చి, అటు కన్నడమునను ఇటు సీమ తెలుగునను సమముగా స్థిరపడినది. దిగులు, చింత, బెంగ, మనోవ్యాధి అనునవియు మనకున్న మాటలే. కాని వైద్యుని ఎదుట కూర్చున్నపుడు ఈ మాటలేవియు సాధారణముగా నోటికి రావు. నిద్ర పట్టుటలేదనియు, తల బరువుగానున్నదనియు, ఒళ్ళంతయు నొప్పులనియు, అన్నము సహించుటలేదనియు చెప్పుదురు. వైద్యుడు వానినుండి రోగమును ఊహించి మాత్రలు వ్రాయును. రోగి బంధువు ఆ చీటీని మందుల దుకాణమునకు కొనిపోవును. అచట ఎవరో, "ఇది పిచ్చివారికిచ్చు మందు గదా!" అందురు. ఆ ఒక్క మాటతో ఆ మాత్రలు గూటిలోనే ఉండిపోవును.

దుకాణమువాడు చెప్పినది పూర్తిగా అబద్ధము కాదు. ఉన్మాదమునకై కనుగొన్న మందులను విషాదరోగమునకు కూడ ఇచ్చుట నేడు వైద్యలోకమున అంగీకరింపబడిన పద్ధతియే. ఇది ఎట్లు సంభవించెను? ఎపుడు న్యాయము, ఎపుడు అన్యాయము? ఈ ప్రశ్నలకు చరిత్రలో సమాధానము వెదకుట ఈ వ్యాసమున నా యత్నము. బళ్ళారికి ఈ చరిత్రలో ప్రత్యేకమైన స్థానము కలదు గనుక, బళ్ళారి తెలుగువారు దీనిని తెలిసికొనుట ఉచితము.

ముందుగా రెండు మాటలకు అర్థము చెప్పుకొందము. లేని మాటలు చెవినబడుట, లేని శత్రువులను కల్పించుకొనుట, అయథార్థమును యథార్థమని దృఢముగా నమ్ముట, ఇవి ఉన్మాద లక్షణములు. వీనిని అణచు మందులను ఉన్మాదౌషధములని పిలుతము. మనస్సు వారముల తరబడి క్రుంగియుండుట, దేనియందును ఆసక్తి లేకపోవుట, నిద్రాహారములు తప్పుట, తాను నిష్ప్రయోజకుడనను భావము, బ్రతుకుపై విరక్తి, ఇవి విషాదరోగ లక్షణములు. ఆప్తులు పోయినపుడు కలుగు దుఃఖము రోగము కాదు, అది మానవధర్మము. దుఃఖమునకు కాలమే వైద్యుడు. విషాదరోగము మాత్రము కాలము గడచినను వదలక, మనిషిని పనికి, పలుకునకు, తుదకు ప్రాణమునకు దూరము చేయును.

మన పూర్వులు ఈ భేదమును ఎరుగనివారు కారు. చరకసంహిత ఉన్మాదమునకు ప్రత్యేకాధ్యాయమును కేటాయించినది. రోగములను పెంపొందించు కారణములలో విషాదమును ముఖ్యమైనదిగా పేర్కొన్నదియు ఆ గ్రంథమే. భగవద్గీత మొదటి అధ్యాయమునకు అర్జున విషాదయోగమని పేరు. మన బళ్ళారి సంగతికి వచ్చినచో, తెలుగున తొలి విషాదాంత నాటకముగా ప్రసిద్ధికెక్కిన "విషాద సారంగధర"ను రచించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు ఈ నగరముననే సరసవినోదినీ సభను నడిపిరి. విషాదమును రంగస్థలమున చూచి కన్నీరు కార్చుట ఇచటి ప్రేక్షకులకు ఆయన నేర్పెను. కాని ఇంటిలో విషాదము రోగమై కూర్చున్నపుడు ఏమి చేయవలెనో చెప్పువారు చాల కాలము వరకు లేకపోయిరి. గాలి సోకినదనియు, ఎవరో చేతబడి చేసిరనియు, దేవర కోపించెననియు అనుకొనుటయే లోకాచారము. బళ్ళారి మదరాసు రాజధానిలో భాగముగానున్న రోజులలో, రోగము ముదిరి అల్లరిచేయు వారికి 1871లో కీల్పాకున తెరచిన పిచ్చాసుపత్రి వంటివి కలవు. అల్లరిచేయక మూలన కూర్చుండి క్రుంగిపోవువారికి ఏ ఆసుపత్రియు లేదు.

ఇక ఔషధముల కథ. ఇది ఒక భారతీయ మూలికతో ప్రారంభమగుచున్నది. సర్పగంధ అను మొక్క వేరు మన నాటువైద్యులకు చిరపరిచితము. పాము కాటునకు, నిద్రలేమికి, మతిభ్రమణమునకు దీనిని వాడుచుండిరి. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ సేనుగారును కార్తిక చంద్ర బోసుగారును ఇది ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయుచున్నదని వైద్యపత్రికలో ప్రకటించిరి. అదే కాలమున సలీముజ్జమాన్ సిద్దీఖీగారు ఢిల్లీలో ఈ వేరునుండి కొన్ని రసాయన పదార్థములను వేరుపరచిరి. 1949లో బొంబాయి హృద్రోగ నిపుణులు రుస్తుం జాల్ వకీలుగారు బ్రిటిష్ హృద్రోగ పత్రికలో ప్రకటించిన వ్యాసముతో పాశ్చాత్యుల దృష్టి దీనిపై పడెను. 1952లో స్విట్జర్లండు దేశపు బాసెల్ నగరమున సీబా సంస్థ శాస్త్రజ్ఞులు దీని సారమును వేరుపరచి రిసర్పిన్ అని పేరిడిరి. 1954 నాటికి అమెరికాలో నేథన్ క్లైన్ దానిని ఉన్మాదరోగులపై ప్రయోగించి ఫలితములను ప్రకటించెను.

ఇదే సమయమున పారిస్ నగరమున మరియొక మందు వెలువడెను. 1950 డిసెంబరులో రోన్ పూలెంక్ సంస్థయందు పోల్ షార్పాంతియే తయారుచేసిన క్లోర్‌ప్రోమజిన్ అను పదార్థము, శస్త్రచికిత్స సమయమున రోగిని శాంతపరచుటకు పనికివచ్చునని హెన్రీ లాబోరీ అను సైనిక వైద్యుడు గుర్తించెను. 1952లో సెంట్ ఆన్ ఆసుపత్రియందు జాన్ దలే, పియర్ దెనికేర్ అనువారు దానిని ఉన్మాదరోగులకిచ్చి చూచిరి. సంకెళ్ళతోను, చీకటి గదులతోను నిండిన ఆసుపత్రులలో అది ఒక నూతన యుగమునకు నాంది పలికెను. 1957లో అమెరికాలోని లాస్కర్ పురస్కారము పొందినవారిలో లాబోరీ, దెనికేర్, క్లైన్ అనువారితోపాటు మన వకీలుగారును ఉండుట స్మరింపదగినది.

ఈ రెండు ఉన్మాదౌషధములకును విషాదముతో సంబంధమేమి? ఇచట చరిత్ర ఒక విచిత్రమైన మలుపు తిరిగినది. 1954లో ఎడ్వర్డ్ ఫ్రైస్ అను అమెరికా వైద్యుడు, రక్తపుపోటునకై రిసర్పిన్‌ను అధిక మోతాదులో దీర్ఘకాలము వాడిన కొందరికి మనస్సు క్రుంగిపోయినదని వ్రాసెను. 1955లో లండనునందు డేవీస్, మైకేల్ షెపర్డ్ అను ఇరువురు అదే రిసర్పిన్‌ను ఆందోళనతోను విషాదముతోను బాధపడువారికిచ్చి, కొందరికి ఉత్తుత్తి మాత్రలనిచ్చి పోల్చిచూచి, రిసర్పిన్ మేలు చేసినదని లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఒకే వేరు! ఒకచోట విషాదమును పుట్టించినదని అపవాదు. మరియొకచోట విషాదమును తగ్గించినదని ప్రశంస. లోకము మొదటి మాటను నమ్మెను, రెండవ మాటను మరచెను. రిసర్పిన్ నిజముగా విషాదమును కలిగించునా అనుటపై తరువాతి పరిశీలకులకు గట్టి సందేహములున్నవి.

అయినను ఆ అపవాదువలన శాస్త్రమునకు ఒక మేలు జరిగెను. 1955లో అమెరికాలోని బెథెస్డా పరిశోధనశాలయందు బ్రోడీయును ఆయన సహచరులును రిసర్పిన్ శరీరమందలి సెరటోనిన్ నిలువలను తగ్గించునని చూపిరి. 1957లో స్వీడను దేశీయుడగు ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్ళు కదలక మెదలక పడియుండగా, డోపమిన్‌గా మారు ఎల్-డోపా అను పదార్థమునిచ్చి వానిని లేపెను. 2000 సంవత్సరమున ఆయనకు నోబెల్ బహుమతి లభించుటకు ఈ పరిశోధనలే మూలము. మెదడునందలి రసాయనముల కొరతవలన విషాదము కలుగునను వాదమును 1965లో జోసెఫ్ షిల్డ్‌క్రౌట్ గ్రంథస్థము చేసెను. నేడు ఆ వాదమును అంత సరళముగా ఎవరును అంగీకరింపరు. కాని అర్ధశతాబ్ద కాలము ఔషధ పరిశోధనను అది నడిపించినది.

క్లోర్‌ప్రోమజిన్ కథ ఇంతకంటె విచిత్రమైనది. దానిని పోలిన మందు మరియొకటి చేయవలెనని స్విట్జర్లండులోని గైగీ సంస్థవారు దాని నిర్మాణమున స్వల్పమైన మార్పుచేసి ఒక పదార్థమును సిద్ధపరచిరి. మ్యూన్‌స్టర్‌లింగెన్ ఆసుపత్రి వైద్యుడు రోలాండ్ కూన్ దానిని ఉన్మాదరోగులకిచ్చి చూడగా ఫలము కనబడలేదు. కొందరికి అల్లరి హెచ్చెను కూడ. అపుడాయన 1956లో దానిని విషాదరోగులకిచ్చి చూచెను. మూలన కూర్చున్నవారు లేచి మాటలాడసాగిరి. 1957లో ఆయన ఆ ఫలితములను ప్రకటించెను. అదియే ఇమిప్రమిన్, విషాదమునకు తొలి ఔషధములలో ఒకటి. ఉన్మాదౌషధముగా విఫలమై విషాదౌషధముగా సఫలమైనదన్నమాట. ఈ రెండు జాతుల మందులు ఒక తల్లి బిడ్డలు. "ఇది పిచ్చి మందు, అది దిగులు మందు" అని మనము గీయు గీత పుట్టుకనుండియు అస్పష్టమే.

ఆ గీతను దాటి వైద్యులు మరల మరల ప్రయోగములు చేసిరి. 1964లో ఓవరాల్, హోలిస్టర్ మొదలగువారు అమెరికాలో థయోరిడజిన్ అను ఉన్మాదౌషధమును ఇమిప్రమిన్‌తో పోల్చి, విషాదరోగులలో కొందరికి మొదటిదియు ఉపకరించినదని చెప్పిరి. ఉన్మాదౌషధమగు పెర్ఫెనజిన్‌ను విషాదౌషధమగు అమిట్రిప్టిలిన్‌తో కలిపి ఒకే మాత్రగా అమ్ముటయు ఆ దశాబ్దముననే వాడుకకు వచ్చినది. ఐరోపాయందు సల్పిరైడ్, ఫ్లూపెంథిక్సాల్ అను మందులను స్వల్పమైన మోతాదులలో దిగులునకు వాడసాగిరి. మోతాదు మారినచో గుణము మారుననుట మన ఆయుర్వేదమునకును క్రొత్త కాదు.

ఈ యత్నములన్నింటిలో నిస్సందేహమైన ఫలమును చూపినది 1985 నాటి ఒక పరిశోధన. విషాదము తీవ్రమైనపుడు కొందరికి ఉన్మాద లక్షణములు కూడ తోడగును. సర్వస్వము నాశనమైనదనియు, తాను మహాపాపిననియు, తన శరీరము లోపల కుళ్ళిపోయినదనియు నమ్ముదురు. ఇట్టివారిపై అమెరికాలో స్పైకర్ మొదలగువారు పరీక్ష చేసిరి. అమిట్రిప్టిలిన్, పెర్ఫెనజిన్ రెండును కలిపి ఇచ్చినవారిలో 78 శాతమునకు గుణము కనబడెను. అమిట్రిప్టిలిన్ మాత్రమే పుచ్చుకొన్నవారిలో 41 శాతమునకును, పెర్ఫెనజిన్ మాత్రమే పుచ్చుకొన్నవారిలో 19 శాతమునకును గుణము కలిగెను. పరీక్షింపబడినవారు కొలదిమందియే యైనను, ఒక్క చేతితో మ్రోగని చప్పట్లు రెండు చేతులతో మ్రోగినవని ఈ అంకెలు చెప్పుచున్నవి.

అదే 1985లో, అమెరికాకు సముద్రముల ఆవల, మన బళ్ళారియందు మరియొక ప్రయోగము మొదలయ్యెను. అది క్రొత్త మందునకు సంబంధించినది కాదు. ఉన్న మందులను పల్లెకు చేర్చుటకు సంబంధించినది. 1974లో బెంగుళూరున ఏర్పడిన జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థను జనులు నిమ్‌హాన్స్ అందురు. 1975లో ఆ సంస్థ సాముదాయక మానసిక వైద్యమునకొక విభాగమును నెలకొల్పి, బెంగుళూరు సమీపమునగల సకలవార కేంద్రమున పల్లె వైద్యమునకు బాటవేసెను. డాక్టరు ఆర్. శ్రీనివాసమూర్తిగారు, డాక్టరు మోహన్ ఐజాక్‌గారు ఈ మార్గమున ముఖ్యులు. 1982లో భారత ప్రభుత్వము జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమును ప్రకటించెను. కాగితముమీది కార్యక్రమము ఒక జిల్లాలో నడచునా, నడువదా అని పరీక్షించుటకు ఎన్నుకొన్న జిల్లా బళ్ళారి.

1985 నుండి 1990 వరకు సాగిన ఆ ప్రయోగపు సూత్రము సులభమైనది. దేశమున మనోవైద్యులు బహు కొలది. వారికొరకు వేచియున్నచో పల్లెవాసికి చికిత్స ఎన్నటికిని అందదు. కనుక ప్రాథమికారోగ్య కేంద్రమున పనిచేయు సామాన్య వైద్యునికే కొలదిదినముల శిక్షణ నిచ్చి, ఇల్లిల్లు తిరుగు ఆరోగ్య కార్యకర్తలకు రోగలక్షణములను గుర్తించుట నేర్పి, అత్యవసరమైన కొలదిపాటి మందులను కేంద్రములలో నిలువయుంచి, రోగుల వివరములను సులభమైన పట్టికలలో వ్రాయించి, జిల్లా కేంద్రమందలి మనోవైద్య బృందము వారికి అండగా నిలుచుట. ఆ మందులపెట్టెలో క్లోర్‌ప్రోమజిన్, నెలకొక పర్యాయమిచ్చు ఫ్లూఫెనజిన్ సూదిమందు, ఇమిప్రమిన్ వంటి విషాదౌషధము, మూర్ఛలకు ఫినోబార్బిటోన్, వణకు తగ్గించు ట్రైహెక్సిఫెనిడిల్ వంటివి ఉండెను. పారిస్ నగరమునను స్విట్జర్లండునను పుట్టిన ఆ అక్కచెల్లెండ్రు ఇరువురును ఒకే పెట్టెలో బళ్ళారి జిల్లా పల్లెలకు వచ్చి చేరిరన్నమాట.

ఈ ప్రయోగము దేశమునకు మార్గదర్శకమయ్యెను. దీనినే "బళ్ళారి నమూనా" అని వైద్యలోకము పిలుచుచున్నది. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము జాతీయస్థాయిలో నాలుగు జిల్లాలతో ఆరంభమైనపుడు ఆ నాలుగింటిలో నాటి ఆంధ్రప్రదేశపు మెదకు జిల్లా ఒకటి. బళ్ళారి చేసిన ఉపకారము ఆవిధముగా తెలుగునేలకు కూడ సంక్రమించినది. ఇనుప ఖనిజమునకును, రాఘవాచార్యులవారి నటనకును పేరొందిన మన బళ్ళారికి ఈ కీర్తియు కలదని మనలో ఎందరికి తెలియును?

అయితే ఈ నమూనాలో ఒక చిక్కు కలదు. దానిని దాచుట చరిత్రకారునికి తగదు. కొలదిదినముల శిక్షణ పొందిన వైద్యునకు ఉన్మాదమును గుర్తించుట సులభము. అల్లరిచేయువానిని బంధువులే కొనివత్తురు. విషాదమును గుర్తించుట కష్టము. పొద్దున వంద మందిని చూచు వైద్యునికి, నిద్రలేమి, ఒళ్ళునొప్పులు అని చెప్పు గృహిణి మనస్సులోనికి తొంగిచూచు తీరిక ఎక్కడిది? గుర్తింపలేనపుడు రెండు తప్పులు జరుగును. ఒకటి, బలమునకు మాత్రలిచ్చి పంపుట. రెండవది, ఏదియో ఒకటి పనిచేయునని నిద్రమందును, స్వల్పమోతాదు ఉన్మాదౌషధమును కలిపి ఇచ్చుట. రెండవ తప్పు మన దేశమున సామాన్యమైనది. ఫ్లూపెంథిక్సాల్, మెలిట్రాసెన్ అను మందులను కలిపిన మాత్రను దిగులునకును, గుండెదడకును, కడుపునొప్పికిని విరివిగా వ్రాయుటను గూర్చి విమర్శలు చెలరేగి, 2013 జూన్ మాసమున భారత ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ విషయము తరువాత న్యాయస్థానముల కెక్కినది. ఆ వివాదము ఎట్లున్నను, పరీక్షింపక వ్రాయు అలవాటునకు అదియొక హెచ్చరిక.

ఇంతలో లోకమున క్రొత్తతరపు ఉన్మాదౌషధములు వచ్చినవి. 2006లో ప్రకటింపబడిన ఒక బృహత్పరిశోధనయందు, మొదటి విషాదౌషధముతో సంపూర్ణముగా కోలుకొన్నవారు సుమారు మూడింట ఒక వంతు మాత్రమేయని తేలెను. తక్కినవారి గతి ఏమి? విషాదౌషధమును మానక, దానికి క్రొత్తతరపు ఉన్మాదౌషధమును స్వల్పముగా చేర్చుట ఒక ఉపాయము. 2007లో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణాధికారులు ఇందులకు అరిపిప్రజోల్‌ను అనుమతించిరి. 2009లో క్వెటియాపిన్‌ను, ఫ్లూఆక్సెటిన్‌తో కలిపిన ఓలాంజపిన్‌ను, 2015లో బ్రెక్స్‌పిప్రజోల్‌ను, 2022లో కారిప్రజిన్‌ను అనుమతించిరి. ఉత్సాహము, విషాదము మార్చిమార్చి వచ్చు ద్విధ్రువరోగమునందలి విషాదమునకు 2006లో క్వెటియాపిన్‌ను ఒంటరిగానే అంగీకరించిరి.

ఈ ఉపాయము ఎంతవరకు ఫలించును? 2009లో నెల్సన్, పాపకోస్టాస్ అనువారు 16 పరిశోధనలను, 3,480 మంది రోగుల వివరములను ఒకచోట చేర్చి చూచిరి. ఉన్మాదౌషధమును చేర్చినవారిలో సుమారు 31 శాతము కోలుకొనిరి. ఉత్తుత్తి మాత్రను చేర్చినవారిలో 17 శాతము కోలుకొనిరి. ఆ పరిశోధకుల లెక్కన తొమ్మిది మందికి ఇచ్చినచో, ఇవ్వకున్న కోలుకొనని ఒకరు అదనముగా కోలుకొందురు. ఇది మహిమ కాదు, మిథ్యయు కాదు, పరిమితమైన సత్యము. ఆ తొమ్మిదిమందిలో ఒకరు మన ఇంటివారైనచో అది చిన్న విషయము కానేరదు.

దానికి చెల్లింపవలసిన మూల్యము కూడ కలదు. కొన్ని మందులవలన ఒళ్ళు బరువెక్కును, రక్తమున చక్కెర పెరుగును. కొన్నింటివలన కాలు ఒకచోట నిలువని తహతహ కలుగును. దానిని రోగము హెచ్చినదని భ్రమించి మోతాదు పెంచినచో బాధ రెట్టింపగును. దీర్ఘకాలము వాడినచో నోరు, నాలుక తమంతట తామే కదలు వికారము కొందరికి స్థిరపడును. మతిమరుపు రోగముగల వృద్ధులకు ఈ మందులు ప్రాణాపాయమును హెచ్చించునని 2005లో అమెరికా అధికారులు తీవ్రముగా హెచ్చరించిరి. కనుక తూకము చూడక, చక్కెర పరీక్షింపక, ఎన్నాళ్ళు వాడవలెనో చెప్పక ఈ మందునిచ్చుట వైద్యము కాదు. అట్లే భయపడి హఠాత్తుగా మానివేయుటయు క్షేమము కాదు.

చరిత్రనుండి మనము గ్రహింపదగిన న్యాయము ఇట్లున్నది. విషాదముతో ఉన్మాద లక్షణములు కలిసినపుడు రెండు మందులును కలిపి ఇచ్చుట ఉచితము. ద్విధ్రువరోగపు విషాదమున కొన్ని ఉన్మాదౌషధములే ముఖ్యౌషధములు. విషాదౌషధములను తగిన మోతాదులో తగినంతకాలము వాడినను ఫలము లేనపుడు, మేలు కీడులను తూచి ఉన్మాదౌషధమును చేర్చుట యుక్తము. వీనిలో ఏదియు కాక, కేవలము నిద్రపట్టలేదనియో, ఏదియో గుబులనియో మొదటి మందుగా దీనిని వ్రాయుట అనుచితము. సామాన్య విషాదమునకు మాటలతో చేయు చికిత్సయు, ఆత్మీయుల తోడ్పాటును, అవసరమైన విషాదౌషధమును మొదటి మెట్లు.

మాటలతో చేయు చికిత్స అంటిని. ఇచటనే మన సరిహద్దు సీమ కష్టము స్పష్టమగుచున్నది. తెలుగున బాధపడువాడు కన్నడమున చెప్పుకొనవలెను. అది ఆంగ్లమున వ్రాయబడును. ఈ మూడు మెట్లలో ఎచటనో దిగులు జారిపడి, ఒళ్ళునొప్పి మాత్రము వైద్యుని చేరును. చీటీ తిరిగి వచ్చునపుడును అదే గతి. "ఈ మందు ఉన్మాదమునకును వాడుదురు, కాని నీకిచ్చినది అందులకు కాదు, నీ మందునకు తోడుగా కొంతకాలమునకు మాత్రమే, కాలు నిలువకున్న, ఒళ్ళు బరువెక్కిన వెంటనే చెప్పవలెను" అని నాలుగు వాక్యములు రోగి భాషలో చెప్పినచో, దుకాణపు అరుగుమీది మాట అతనిని బెదరింపలేదు. నిజము ముందే తెలిసినవానిని వదంతి ఏమి చేయగలదు?

ఇందు వైద్యుల తప్పు లేదు, భాషల తప్పు అంతకంటె లేదు. మోకలో కన్నడమును తెలుగును తరతరములుగా ఒకే ఇంటి వసారాలో కూర్చున్నవి. చేయవలసినది మనమే. నిమ్‌హాన్స్ వారు 2015-16 సంవత్సరములలో జరిపిన జాతీయ సర్వేక్షణమున వయోజనులలో నూటికి సుమారు 2.7 మంది విషాదరోగముతో బాధపడుచుండిరని తేలెను. ఆ లెక్కన వేయిమంది పెద్దలున్న పల్లెలో ఇరువదియేడుగురు. మోక వంటి పెద్ద గ్రామమున అట్టివారెందరో మీరే లెక్కింపవచ్చును. వారిలో చికిత్స పొందువారికంటె పొందనివారే హెచ్చని ఆ సర్వేక్షణమే చెప్పినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్సను పౌరుని హక్కుగా చేసినది. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలిమానస్ సేవయందు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో దేశభాషలలో సలహా నిత్తురు. తెలుగున కూడ మాటలాడవచ్చును. ఇవి ఉన్న సంగతి మన ఇండ్లలో ఎందరెరుగుదురు?

సంఘములు నాటకములాడించినవి, గ్రంథాలయములు నడపినవి, పండుగలు చేసినవి. ఇక ఈ చిన్నపనియు మన సంఘములు చేపట్టవచ్చును. ఆరోగ్య కేంద్రమునకు పోవు తెలుగు వృద్ధునకో, కోడలికో తోడుగా రెండు భాషలును తెలిసిన ఒకరు వెళ్ళి, ఆ బాధను ఉన్నదున్నట్లు వైద్యునికి చెప్పి, వైద్యుని మాటను ఉన్నదున్నట్లు రోగికి చెప్పవలెను. విద్య చాలును, ధనము అక్కరలేదు. రోగి రహస్యమును కాపాడు నిష్ఠ మాత్రము కావలెను.

సర్పగంధ వేరు మన మట్టిలో పుట్టి, సముద్రములు దాటి, మందై, వాదమై, తుదకు మాత్రయై తిరిగి వచ్చినది. పల్లెకు మనోవైద్యమును చేర్చు విధానము మన జిల్లాలో రూపొంది, దేశమంతట ప్రాకినది. ఇన్ని దూరములు దాటిన ఔషధము, మోకలో ఒక ఇంటి గూటివరకు వచ్చి, "పిచ్చి మందు" అను ఒక్కమాటకు జడిసి అచట ఆగిపోరాదు. గూటినుండి రోగి చేతికి గల దూరము జానెడు. ఆ జానెడు దూరమును దాటించునది మందు కాదు. నమ్మకముగల మనిషి నోట, తనకు తెలిసిన భాషలో వినవచ్చు నిజమైన మాట.